పదిమంది మాట

కొత్త సినిమా మొదటాట చూసి బయటికొచ్చినవాడు హాలు మెట్లమీద అనే మాటకంటే నిజమైన మాట లోకంలో ఇంకోటి లేదని సువర్చల నమ్మింది. మైకు పెట్టి అడిగితే వాడే నీళ్లు నములుతాడు. పక్కనున్న వీరాభిమానుల్ని చూసి, "పర్లేదండీ, ఒకసారి చూడొచ్చు" అంటాడు. ఎవరూ అడక్కుండా, స్నేహితుడి భుజంమీద చెయ్యేసి, "దరిద్రంగా ఉందిరా బాబూ, రెండో సగమంతా నిద్రపోయా" అంటాడు చూడండి, అదీ అభిప్రాయమంటే! ఈ ఒక్క ముక్క పట్టుకుని ఆవిడ ఏళ్లతరబడి తిండీ తిప్పలూ మానేసి ఒక యంత్రం చేసింది. దాని పేరు 'పదిమంది'.

మనలో తగువొస్తే "పదిమందిలో పెడదాం" అంటాం కదా. ఆ పదిమందినీ తెచ్చి సువర్చల పెట్టెలో పెట్టింది, అంతే. ఫోను ఒక్కసారి "వినమంటారా?" అని అడుగుతుంది. సరేనన్న మనిషి ఇంట్లో, బస్సులో, గేములాడుతూ నోటిదగ్గర పెట్టుకున్న మైకులో ఏం వాగినా వింటుంది. విని విని ఆ మనిషికో గొంతు తయారుచేస్తుంది. ఇక అసలు మనిషిని కదిపే పనే లేదు. ఏదడిగినా ఆయన ఏమనేవాడో ఆ గొంతే అనేస్తుంది. మొదట్లో జనం దాన్ని ఆషామాషీగా వాడారు. ఈ కొత్త గేము కొనొచ్చా, ఆ సీరియల్లో అత్త చేసింది న్యాయమేనా, ఇవీ ప్రశ్నలు. తర్వాత్తర్వాత, ఇంటాయన చెప్పాపెట్టకుండా మన గదికి తాళమెయ్యొచ్చా, బండి ఆపిన పోలీసు తాళంచెవి లాక్కోవచ్చా అని అడగడం మొదలుపెట్టారు. వకీలు దగ్గరికెళ్లాలంటే గుండె దడ. పదిమందిని అడగడానికి భయమేముంది?

పేరొచ్చింది మాత్రం నీళ్లసీసా తగువుతో. బెజవాడలో ఒక సినిమాహాలు మేనేజరు ఒక ముసలాయన చేతిలో నీళ్లసీసా లాగి చెత్తబుట్టలో పారేశాడు. ముసలాయన ఫిర్యాదు చేశాడు. పదిమంది గొంతుల్ని పిలిచి అడిగితే, ఆ పదింట్లో మేనేజరు సొంత గొంతు కూడా ఉంది! "తాగే నీళ్లు ఆపడం పాపమేనే, పైవాళ్లు ఆపమంటే ఆపుతున్నా" అంది అది. ఆ మాట ఆయన భార్యతో అన్నం తింటూ అన్నది. మేనేజరు తల దించుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. సువర్చల పనిచేసే ల్యాబుకు పెద్ద అయిన నరహరి పూతరేకులు తెప్పించి అందరికీ పంచాడు. ఆ తర్వాత ప్రభుత్వం, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కుటుంబ తగాదాల్లో కూడా కోర్టులు 'పదిమంది' సలహా అడగొచ్చని చట్టం తెచ్చింది.

యంత్రానికి సువర్చల నేర్పిన సూత్రాలు చాలా తేలికైనవి. అడిగితే చెప్పింది లెక్కలోకి రాదు, అడక్కుండా అన్నదే లెక్క. ఒకసారి అంటే నోరుజారడం, పదేపదే అంటే మనసులో ఉన్నమాట. పక్కవీధివాడి మాటకంటే ఒక ఇంట్లో ఉన్నవాళ్ల మాటకు బరువెక్కువ, ఎందుకంటే వాళ్లకే బాగా తెలుసు. ఈ సూత్రాలు చెప్పి ఆవిడ ఎన్ని సభల్లో శాలువాలు కప్పించుకుందో!

ఇక ఇంటి సంగతి. బెజవాడ పటమటలో మూడో అంతస్తులో తల్లి నాంచారమ్మ, తమ్ముడు రత్నాకర్, అతని ఏడేళ్ల కూతురు తన్మయి ఉంటారు. సువర్చలకు పెళ్లంటూ లేదు, ల్యాబుతోనే కాపురం. ఆదివారం వచ్చి తిని పోతుంది. రత్నాకర్ భార్య సౌమ్య జబ్బుచేసి పోయింది. అతను ఇంట్లోనే కూర్చుని, గేములాడేవాళ్ల పోటీలకు తెలుగులో వ్యాఖ్యానం చెప్తాడు. "కొట్టాడు చూడండీ దెబ్బ, గోదారిలో దూకినా వదల్లేదు!" అని అతను కేకేస్తే వేలమంది వింటారు. ఆ కేక మధ్యలో మైకు నొక్కిపట్టి, పిల్లకు ఆయాసం మందు పీల్పించి, మళ్లీ మైకు తీసి కేకేస్తాడు. కూతురికి రెండు జడలు వేసి రిబ్బన్లు కడతాడు. ఆ జడలు ఎంత నున్నగా ఉంటాయంటే, ఎదురింటి కామాక్షిగారు ఒకనాడు గుమ్మంలో నిలబడి చూసి నోరు తెరిచింది.

"మీ అబ్బాయి పిల్లనెంత బాగా చూసుకుంటున్నాడండీ పిన్నిగారూ! తల్లి కూడా అంత చేయదు."

నాంచారమ్మ చేతిలో చేట పక్కన పెట్టేసింది.

"ఆ, చూశాడులే వాడి మొహం! ఆ డబ్బా ముందు కూర్చుంటే పిల్ల అన్నం తిందో లేదో కూడా తెలీదు. పెళ్లాం పోయినా బుద్ధి రాలేదు. ఉత్త చేతగాని వెధవ. ఇదొకత్తి, తండ్రికి తగ్గ కూతురు, ఒట్టి పెంకిఘటం."

రత్నాకర్ నవ్వుతూ రెండో జడ అల్లుతున్నాడు. తన్మయి నానమ్మను వెక్కిరించింది. కామాక్షిగారు వెళ్లిపోయాక నాంచారమ్మ వంటింట్లోకి వెళ్లి గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, నోరు మెదపకుండా తండ్రీకూతుళ్ల చుట్టూ తిప్పి, పెనంమీద పడేసింది. ఉప్పు చిటపటలాడింది. ఆ పని చేసేటప్పుడు మాట్లాడకూడదని ఆవిడ నియమం.

ఆ ఇంట్లో ఇది రోజూ ఉండే భాగోతమే. సువర్చల కంటే ముందు నాంచారమ్మకు ఒక మగపిల్లాడు పుట్టాడు. పాకే వయసులో వాణ్ని చంకనేసుకుని అవనిగడ్డలో ఒక పెళ్లికి వెళితే, ఎవరో ఒకావిడ వాడి బుగ్గ గిల్లి, "ఎంత ముద్దొస్తున్నాడో, నీ అదృష్టమే అదృష్టం" అంది. నాంచారమ్మ కూడా మురిసిపోయి, "అవునమ్మా, మా వాడు బంగారం" అంది. వారం తిరక్కుండా జ్వరమొచ్చి వాడు పోయాడు. అంతే, ఆ తర్వాత పుట్టిన ఇద్దర్నీ ఆవిడ ఒక్క మంచిమాట అని ఎరగదు. నలుగురిలో అసలే అనదు, నాలుగు గోడల మధ్య కూడా అనదు. గోడలకు మాత్రం కళ్లుండవా అని ఆవిడ భయం. ప్రేమ పొంగినకొద్దీ తిట్టేది. సువర్చల డాక్టరేటు తెచ్చుకున్న రోజున, "చచ్చుముండా, ఇకనైనా తల దువ్వుకుంటావా?" అని కళ్లు తుడుచుకుంది. సువర్చలకిదంతా తెలుసు. తెలిసీ, పెద్దవాళ్ల గొంతులు తక్కువపడ్డాయని, తల్లి ఫోన్లో "వినమంటారా?" అన్నదానికి సరేనని తనే నొక్కింది. "అమ్మా, నువ్వేం పట్టించుకోకు, ఊరికే మాట్లాడుకుంటూ ఉండు" అంది.

సౌమ్య తండ్రి పట్టాభిరామయ్యది ఏలూరు. ఒక్కగానొక్క కూతురు పోయింది. కూతురి పోలికలన్నీ పోతపోసుకున్న మనవరాలు కళ్లముందు తిరిగితే చాలని ఆయన ఆశ. ఆ ఆశే పెరిగి పెద్దదై, గేములాడుకునేవాడి దగ్గర పిల్లేం బాగుపడుతుందన్న పట్టుదలగా మారింది. పిల్లను తమకిమ్మని కోర్టుకెక్కాడు. 'పదిమంది' సలహాకు ఒప్పుకుంటున్నానన్నాడు. రత్నాకర్ తరఫు వకీలు మాత్రం వద్దేవద్దంది.

"ఒప్పుకోకపోవడం మీ హక్కండీ. ఎవరూ బలవంతపెట్టలేరు. సాక్షుల్ని పిలుద్దాం, టీచరుగారొస్తారు, డాక్టరొస్తాడు."

రత్నాకర్ అక్కవైపు చూశాడు.

"నిన్నెరిగినవాళ్లు నిన్ను కాదంటారట్రా?" అంది సువర్చల. "సాక్షులంటే అబద్ధమంటారు, లంచమంటారు. పదిమంది చెప్తే ఇంకెవరూ నోరెత్తరు. ఒప్పుకో."

"నువ్వు చేసిందే కదక్కా, నాకేం భయం?" అన్నాడతను. సంతకం పెట్టేశాడు.

కోర్టుహాల్లో గోడకున్న స్పీకర్లోంచి గొంతులు ఒక్కొక్కటే పలికాయి. తన్మయి టీచరు గొంతు, "వాళ్ల నాన్న ప్రతి మీటింగుకీ వస్తాడు, తల్లులే రారు" అంది. కామాక్షిగారి గొంతు, "అలాంటి తండ్రి ఏ జన్మలో పుణ్యమో" అంది. రత్నాకర్‌తో గేములాడే కుర్రాళ్ల గొంతులు, "అన్న గెలిచే ఆట వదిలేసి పాప ఏడ్చిందని లేచిపోతాడు, మా ప్రాణాలు తీస్తాడు" అని విసుక్కున్నాయి. హాల్లో అందరూ నవ్వారు. ఆఖరికి పట్టాభిరామయ్య గొంతు కూడా, "అల్లుడు చెడ్డవాడేం కాదే, నాకే మనసాగట్లేదు" అంది. పెద్దాయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సువర్చల తమ్ముడి చెయ్యి నొక్కింది. గెలిచేశామనుకుంది.

అప్పుడు నాంచారమ్మ గొంతు వచ్చింది.

"పిల్ల అన్నం తిందో లేదో కూడా తెలీదు. ఆ డబ్బా తప్ప వాడికేం పట్టదు. పెళ్లాం పోయినా బుద్ధి రాలేదు. చేతగాని వెధవ. వాడి చేతిలో పెరిగితే ఇది నాశనమైపోతుంది."

అచ్చం ఆవిడ గొంతే. బెంచీమీద కూర్చున్న నాంచారమ్మ తుళ్లిపడి, ఎవరో తన నోరు కాజేసినట్టు పెదవులమీద చెయ్యేసుకుంది. ఎవరూ అడక్కుండా అన్నమాట. ఏళ్లతరబడి, రోజూ అన్నమాట. ఒకే ఇంట్లో ఉండి, కన్నకొడుకు గురించి అన్నమాట. సూత్రాల ప్రకారం ఆ ఒక్క గొంతు బరువు ముందు మిగతావన్నీ దూదిపింజలు. పిల్లను తాత దగ్గర ఉంచడం మేలని యంత్రం తేల్చింది.

జడ్జిగారు మంచి మనిషి. యంత్రం చెప్పింది సలహా మాత్రమేననీ, పెద్దావిడతో తనే స్వయంగా మాట్లాడతాననీ అంది. వాయిదా వేసింది. ఇంట్లో సువర్చల తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఒక్క ముక్క. 'మా అబ్బాయి పిల్లని బాగా చూసుకుంటాడు.' అంతే. అను."

"పైకనకూడదే."

"అనకపోతే పిల్ల పోతుందమ్మా!"

"అంటే ప్రాణాలే పోతాయేమోనే! నీకేం తెలుసు, నువ్వు చూశావా?" అని నాంచారమ్మ బావురుమంది. చివరికి రత్నాకర్ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతున్న తన్మయిని చూసి, ఇష్టదేవతలందరికీ మొక్కుకుని, అంటానని మాటిచ్చింది.

అన్నమాట ప్రకారం వాయిదానాడు బోనులో నిలబడింది కూడా. హాలంతా జనం. తన్మయి తండ్రి మెడ చుట్టూ చేతులేసి కూర్చుంది. జడ్జిగారు వాళ్లనోసారి చూసి, పెద్దావిడ భయం పోగొడదామని నవ్వుతూ పలకరించింది.

"చూస్తుంటేనే తెలుస్తోందమ్మా, పిల్ల ఆయన్ని వదలట్లేదు. ముచ్చటైన తండ్రీకూతుళ్లు!"

అంతమంది కళ్లు ఒక్కసారిగా తన బిడ్డలమీద పడ్డాయి. నాంచారమ్మకు బుద్ధికంటే ముందు నోరు లేచింది.

"ఏం ముచ్చటలెండమ్మా, నా మొహం! తిన్న కంచం తియ్యడం రాదు వాడికి, వాడు పిల్లనేం పెంచుతాడు?"

హాలు గొల్లుమంది. నాంచారమ్మ నాలిక కరుచుకుంది. "అయ్యో, కాదమ్మా! దిష్టి తగలకుండా అన్నాను తల్లీ! వాడు బం... వాడు మంచివాడమ్మా, నిజంగా మంచివాడు, నా మాట నమ్మండి!" అని రెండు చేతులూ జోడించింది.

పట్టాభిరామయ్య వకీలు తాపీగా లేచాడు. "అడక్కుండా అన్నది లెక్కా, అడిగాక దిద్దుకున్నది లెక్కా? ఈ ప్రశ్నకు జవాబు మేం చెప్పక్కర్లేదు, సువర్చలగారే ఎన్నో సభల్లో చెప్పారు" అన్నాడు. కుటుంబమే వద్దంటున్నచోట తాను ఏం చెయ్యగలనన్నట్టు జడ్జిగారు పెన్ను తీసింది. పిల్ల ఏలూరులో ఉండాలి, తండ్రి ఆదివారాలు వెళ్లి చూడొచ్చు.

మర్నాడు పొద్దున్నే సువర్చల ల్యాబుకు వెళ్లి తల్లి గొంతును ముందేసుకుని కూర్చుంది. దిష్టి తిట్లను అభిప్రాయాల్లోంచి తీసేయాలి, అంతే కదా అనుకుంది. అప్పీలుకు ఇంకా గడువుంది.

"నీ కొడుకెలాంటివాడమ్మా?" అని అడిగింది.

"ఆ, ఏం చెప్పమంటావులే, వెధవ" అంది గొంతు.

"పోనీ, ఒక్కసారైనా మెచ్చుకోవా?"

అసలు మనిషి ఎన్నడూ అనని మాట గొంతు ఎక్కణ్నుంచి తెస్తుంది? సువర్చల తల్లి మాటలన్నీ తవ్వి చూసింది. ఒక్క మెప్పు, ఒకే ఒక్కటి దొరికితే చాలు, దాన్ని పట్టుకుని యంత్రానికి నేర్పొచ్చు. దొరకలేదు. తిట్టు అయిపోయిన ప్రతిసారీ కాసేపు మౌనం, ఆ వెనకాల ఏదో చిటపట. ఆ చిటపటల్ని యంత్రం వంటింటి చప్పుడని ఎప్పటికప్పుడు ఏరి పక్కన పడేసింది. పనికిరాని చప్పుళ్లు తీసేయమని చెప్పింది తనే. ఆవిడ అక్కడే బల్లమీద తల పెట్టుకుని ఏడ్చింది.

నరహరి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సువర్చలా, పోయిన ఏడాది గుడివాడ కేసు గుర్తుందా? ఆ తల్లి కూడా కొడుకును ఇవే మాటలు తిట్టింది. వాడు నిజంగానే తాగి పిల్లాడి చెయ్యి విరగ్గొట్టాడు. ఆ గొంతు వల్లే పిల్లాడు బతికి బయటపడ్డాడు. ఇప్పుడు నువ్వు తల్లుల తిట్లు తీసేస్తే అలాంటి పిల్లాడి గతేం కాను? ఏది దిష్టి తిట్టో, ఏది కడుపుమంటో నాకు చెప్పు, నేనే మార్పిస్తాను."

"నాకు తెలుస్తుందండీ. వింటే తెలుస్తుంది."

"నీకు తెలుస్తుంది, మీ అమ్మ కాబట్టి. దానికెలా నేర్పుతావు?"

మాటల్లో తేడా లేదు, గొంతులో తేడా లేదు. తేడా అంతా వినేవాళ్ల దగ్గరుంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగితే తప్ప తెలియనిది అది. దాన్ని పెట్టెలో పెట్టే విద్య సువర్చలకు రాదు, ఎవరికీ రాదు. అప్పీలు కోర్టువాళ్లు కొత్త సాక్ష్యమేదైనా ఉందా అని అడిగారు. లేదు. కొట్టేశారు.

ఇంకా ఘోరం ఏంటంటే, ఆ వారమే నరహరి పత్రికలవాళ్లను పిలిచాడు. "తయారుచేసినావిడ సొంత తమ్ముడని కూడా చూడలేదండీ మా 'పదిమంది'! ఇంతకంటే నిష్పక్షపాతం ఏం కావాలి?" అన్నాడు. టీవీల్లో అదే మాట, పేపర్లలో అదే మాట. రాష్ట్రంలో ప్రతి కుటుంబ కోర్టులోనూ యంత్రం పెట్టాలని నిర్ణయించారు. సువర్చల రాజీనామా ఇచ్చింది. దాన్నెవరూ పట్టించుకోలేదు, యంత్రానికి ఇప్పుడు ఆవిడతో పనేముంది కనక?

"మన్నించరా" అంది తమ్ముడితో.

"అమ్మ తిట్లు నాకెప్పుడూ తిట్లుగా వినబళ్లేదక్కా" అన్నాడు రత్నాకర్. "ఇప్పుడు వినబడుతున్నాయి. పొద్దున కాఫీ ఇస్తూ ఏదో అంది. నిజంగానే అలా అనుకుంటోందేమోనని ఒక్క క్షణం అనిపించింది. దాన్ని ఎవరు మన్నించాలి?"

నాంచారమ్మ తిట్టడం మానేసింది. అసలు మాట్లాడటమే తగ్గించేసింది. ఇంట్లో ఫోన్లన్నీ ఆపేసి బీరువాలో పెట్టినా, ఏ గోడలో ఏ చెవి ఉందోనన్నట్టు చుట్టూ చూసి, "ఊఁ" అనో "ఉహుఁ" అనో ఊరుకునేది. తన్మయికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. తాతగారింటికి సెలవులకు వెళ్తున్నావన్నారు. అక్కడ పెద్ద టీవీ ఉంది, గేములాడుకోవచ్చన్నారు. పిల్ల ఎగిరి గంతేసి, బొమ్మలన్నీ సంచిలో సర్దుకుంది.

ఏలూరు కారు వచ్చింది. పట్టాభిరామయ్య దిగి, ఎవరి కళ్లల్లోకీ చూడలేక కారు పక్కనే నిలబడ్డాడు. అపార్టుమెంటు వాళ్లంతా కిందికి దిగారు. రత్నాకర్ పిల్లకు రెండు జడలు వేసి, మందు ఎలా పీల్పించాలో తాతగారికి చూపించాడు. తన్మయి అందరికీ టాటా చెప్పింది. సువర్చలకు ముద్దు పెట్టింది. హుషారుగా కారెక్కబోతూ నానమ్మ దగ్గరికొచ్చి నిలబడింది.

"వెళ్లొస్తా నానమ్మా!"

నాంచారమ్మ మోకాళ్లమీద కూర్చుంది. పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. అంతమంది చూస్తుండగా, ఇన్నేళ్లూ బిగబట్టిన భయాన్ని పళ్ల కింద నొక్కిపెట్టి, అనేసింది.

"నా బంగారుతల్లివే. నీయంత మంచిపిల్ల ఈ లోకంలో లేదే. మీ నాన్నంత మంచివాడు లేడే."

తన్మయి నవ్వు ఆగిపోయింది. నానమ్మ మొహంలోకి పరకాయించి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట అలాంటి మాట అది విన్నది లేదు. ఒకసారి తండ్రిని చూసింది, కారును చూసింది, అత్త కళ్లు చూసింది. ఏదో అర్థమైపోయింది దానికి. చేతిలో బొమ్మల సంచి జారి కింద పడింది.

"ఎందుకలా మాట్లాడుతున్నావు నానమ్మా? నన్ను పంపించేస్తున్నారా? నన్ను తిట్టు. నానమ్మా, నన్ను తిట్టవా?"

"తిట్టు నానమ్మా!" అని పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ ఆవిడ భుజాలు పట్టుకుని కుదిపింది. నాంచారమ్మ నోరు తెరిచింది. చుట్టూ జనం, జనం చేతుల్లో ఫోన్లు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది, ఒక్క తిట్టు కూడా రాలేదు.